అర్జునుఁడే ద్రోణుఁడైన వృత్తాంతము

సాయంకాలమున తార్నాకనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు వ్యాహ్యాళి వెడలినపుడెల్ల మేము వల కిరువైపుల బంతి నెగురఁగొట్టు యువకులను, వారికంటె మిక్కిలిగా ప్రక్కన నిలిచి కేకలు వేయు శిక్షకుని చూచుచుందుము. గెలుపు ఆడినవానిది, నేర్పినవాని పేరెవ్వ రడుగుదురు?

వాలీబాలు 1895లో అమెరికాలో విలియం మోర్గన్ కల్పించిన యాట. ఆర్గురు జట్టువారు మూఁడు తాఁకుడులలోఁ బంతిని వల దాఁటింపవలయును. వలయొద్ద నడ్డుకొనుట విడిచినచో, ఒక్కఁడే వరుసగా రెండుమాఱులు తాఁకరాదు. కావున నెంతటి బలశాలికైనను తోడివాఁ డందిచ్చిన బంతియే గతి.

తెలుగువారగు అరికపూడి రమణారావుగారు ఈ యాటయందు 1977-78 సంవత్సరపు అర్జున పురస్కారము నందిరి. శిక్షకులకై ద్రోణాచార్య పురస్కారము 1985లోఁగాని పుట్టలేదు. వాలీబాలున దానిని మొదట, 1990లో, గైకొన్నవారు వీరే. ఎం. శ్యామసుందరరావుగారును 1974లో అర్జున, 1995లో ద్రోణాచార్య పురస్కారములఁ బొందిరి.

భారతమున అర్జునుఁడు వేఱు, ద్రోణుఁడు వేఱు. తుదకు ఎదురుపక్షములఁ బోరిరి. ఇచ్చట నిరువురు నొక్కరే యైరి. చిరకాలము పాఠము చెప్పిన మాకు దీని గొప్ప తెలియును: తాను కొట్టఁగల బంతిని కొట్టక శిష్యుని కందిచ్చుట కష్టము. సోదరులారా, మన బాలురకు గెలిచినవారి పేళ్లతోఁబాటు నేర్పినవారి పేళ్లును చెప్పుదము.