బీపీ గోలి, నెత్తి మందు

బాపు అస్థికలు కలపడానికి పోయిన వేసవిలో కాళేశ్వరం వెళ్ళాం. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. అవతల మహారాష్ట్ర, సిరొంచ. ఘాట్ మీద క్షవరానికి కూర్చోగానే నాకు ముందుగా గుర్తొచ్చింది బాపు కాదు, ఇంట్లో అరలో ఉన్న మినాక్సిడిల్ సీసా. చెప్పుకోవడానికి సిగ్గే. ఏడాదిన్నరగా రోజుకు రెండుసార్లు రాసుకుంటూ కాపాడుకున్న జుట్టు మరి.

కత్తి పట్టిన పెద్దాయన నెత్తి తడుపుతూ, "ఏమన్న మందు పెడుతున్నవా బిడ్డా? నడుమల కొత్తగ మొలిచినట్టున్నది" అన్నాడు. అవునన్నాను.

ఆ మందు జుట్టు కోసం పుట్టింది కాదు. 1950ల చివర్లో అమెరికాలో అప్‌జాన్ కంపెనీ కడుపులో పుండ్లకు మందు వెతుకుతుంటే ఈ కథ మొదలైంది. పుండ్లు తగ్గలేదు గానీ, రక్తనాళాలు వెడల్పయ్యాయి. అలా అది బీపీ మందయింది. 1971 ప్రాంతంలో కొలరాడో విశ్వవిద్యాలయంలో చార్లెస్ చిడ్సీ దాన్ని రోగులకిచ్చి చూస్తుంటే, వాళ్ళ ఒంటిమీద అక్కర్లేని చోట కూడా వెంట్రుకలు మొలిచాయి. చర్మవైద్యుడు గుంటర్ కాన్, తోటి డాక్టరు పాల్ గ్రాంట్ దాన్ని ద్రావణంగా చేసి ముందు తమ ఒంటికే రాసుకుని చూశారు. పేటెంటులో తన పేరు చేరడానికి కాన్ 1986 దాకా పోట్లాడాల్సి వచ్చింది. 1979లో బీపీకి మాత్రగా, 1988లో మగవాళ్ళ బట్టతలకు రెండు శాతం ద్రావణంగా, 1991లో ఆడవాళ్ళకూ అక్కడి ప్రభుత్వ అనుమతి దొరికింది.

నెత్తి చర్మంలోని ఒక ఎంజైము దాన్ని సల్ఫేటుగా మారిస్తేనే అది పనిచేస్తుంది. ఆ ఎంజైము తక్కువున్నవాళ్ళకు ఫలితమూ తక్కువే. మొదటి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది, చాలామంది భయపడి అక్కడే ఆపేస్తారు. ఫలితం వచ్చాక మానేసినా కొన్ని నెలల్లో మొదటికే వస్తుంది.

ఈ సంగతి ఒకసారి బాపుకు చెప్పాను.

"ఎన్నొద్దులు పెట్టాలెరా ఇది?"

"ఎప్పటికీ పెట్టుడే బాపూ. ఆపితే మళ్ళ పోతది."

"గట్లయితే నా బీపీ గోలి లెక్కనే గదరా!" అని నవ్వాడు. అప్పటికి నాకీ చరిత్ర తెలియదు. ఆయన వేళాకోళానికి అన్నమాట అక్షరాలా నిజమని ఆయన పోయాక చదివి తెలుసుకున్నాను.

గుండుతోనే గుడిలోకి వెళ్ళాను. ఇక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. ఇద్దరికీ ఒకే దండం పెట్టాను.

కత్తి వెంట్రుకను కోస్తుంది గానీ కుదుళ్ళ జోలికి పోదు. గాట్లు మానేదాకా ఆగి, మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టాను. సీసా పక్కనే బాపు బీపీ గోలీలు సగం వాడినవి ఇంకా ఉన్నాయి. పారెయ్యడానికి చేతులు రావడం లేదు.