తరగతి ప్రతినిధి నుంచి విద్యార్థి మండలి వరకు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయ చరిత్రలను సాధారణంగా ఉపాధ్యక్షుల పాలనాకాలాల వారీగానో, శాఖల ఆవిర్భావ క్రమంలోనో రాయడం మన ఆనవాయితీ. ఆ చరిత్రల్లో విద్యార్థి రెండు సందర్భాల్లోనే కనిపిస్తాడు: పట్టా పుచ్చుకున్నప్పుడు, సమ్మె చేసినప్పుడు. ఈ రెంటికీ మధ్య, శాఖలోనూ తరగతిలోనూ విద్యార్థుల అభిప్రాయాన్ని అధికారులకు చేర్చవలసిన వ్యవస్థ ఎలా రూపొందింది, దానికి ఏ అధికారం ఉంది, ఏది లేదు అన్న ప్రశ్నలు పెద్దగా చర్చకు రాలేదు. ఆ ప్రశ్నలను ఒక సంఘటన, రెండు విద్యా కమిషన్లు, ఒక న్యాయస్థాన ఆదేశం, ఒక చట్టం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక పరిభాషా భేదాన్ని స్పష్టం చేసుకోవాలి. వాడుకలో 'విద్యార్థి సంఘం', 'విద్యార్థి మండలి' అనే మాటలను ఒకే అర్థంలో ప్రయోగిస్తున్నాం. నిజానికి ఇవి వేరువేరు. సంఘం సభ్యత్వం మీద నిలిచేది. దాని అధికారం సభ్యుల నుంచి వస్తుంది. రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం పౌరులకిచ్చిన సంఘ నిర్మాణ స్వేచ్ఛ దానికి నేపథ్యంగా ఉంటుంది. మండలి అలా కాదు. అది విశ్వవిద్యాలయ చట్టమో నిబంధనో ఏర్పరచిన అంగం. దానిలో ఎవరుండాలో, ఏం చేయాలో, ఎవరు అధ్యక్షత వహించాలో ఆ నిబంధనే చెబుతుంది. మొదటిది విద్యార్థుల గొంతు, రెండవది సంస్థ చెవి. గొంతుకూ చెవికీ మధ్య సంబంధం తెగిన ప్రతిసారీ ఏం జరిగిందన్నదే ఈ చరిత్రలో అసలు విషయం.

1916: ప్రతినిధికి వినతి ఉంది, విధానం లేదు

కలకత్తాలో 1817లో హిందూ కళాశాలగా మొదలై 1855లో ప్రెసిడెన్సీ కళాశాలగా మారిన సంస్థలో 1916 జనవరిలో జరిగిన సంఘటన మన చర్చకు మంచి ఆరంభం. చరిత్రోపన్యాసకుడు ఎడ్వర్డ్ ఫార్లీ ఓటెన్ వరండాలో కొందరు విద్యార్థులపై చేయి చేసుకున్నాడన్న ఫిర్యాదు వచ్చింది. ఆ తరగతికి ప్రతినిధిగా ఉన్న సుభాష్ చంద్ర బోస్ ప్రధానాచార్యుడు హెచ్.ఆర్.జేమ్స్ వద్దకు వెళ్లి, ఓటెన్ చేత క్షమాపణ చెప్పించాలని కోరాడు. ఓటెన్ ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసుకు చెందినవాడు కనుక తాను అతనిని నిర్బంధించలేనన్నది ప్రధానాచార్యుడి సమాధానం. బోస్ 1937లో రాసుకున్న అసంపూర్ణ ఆత్మకథలో ఈ వివరాలున్నాయి.

మర్నాడు కళాశాల అంతటా సమ్మె జరిగింది. జరిమానాలు పడ్డాయి. ఓటెన్‌కూ విద్యార్థి ప్రతినిధులకూ మధ్య రాజీ కుదిరినా జరిమానాలు మాత్రం రద్దు కాలేదు. దాదాపు నెల తరువాత మరో విద్యార్థి విషయంలో అదే ఫిర్యాదు రాగా, ఈసారి ప్రతినిధులు వినతితో వెళ్లలేదు. కొందరు విద్యార్థులు ఓటెన్‌పై దాడి చేశారు. కళాశాల మూతపడింది. అశుతోష్ ముఖర్జీ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. బోస్ బహిష్కృతుడై, 1917లో స్కాటిష్ చర్చి కళాశాలలో చేరేవరకు చదువుకు దూరమయ్యాడు.

ఈ సంఘటనను జాతీయోద్యమ ఘట్టంగా చెప్పుకోవడం మనకు అలవాటు. పాలనా వ్యవస్థ దృష్టితో చూస్తే మరొక అంశం బయటపడుతుంది. తరగతి ప్రతినిధి ఉన్నాడు. అతడు నేరుగా ప్రధానాచార్యుడి వద్దకు వెళ్లగలిగాడు. మాట కూడా చెప్పాడు. అయితే ఆ మాట విన్న అధికారికి దానిపై చర్య తీసుకునే అధికారం లేదు. ప్రధానాచార్యుడి పైనున్న సేవా వ్యవస్థలో విద్యార్థి ప్రతినిధికి స్థానం లేదు. అంటే ప్రాతినిధ్యం అడుగున ఉంది, నిర్ణయాధికారం పైన ఉంది, రెంటినీ కలిపే మెట్లు లేవు. తొలి ఫిర్యాదుకూ దాడికీ నడుమ గడచిన నెలరోజుల్లో జరిగినది ఈ లోపపు పర్యవసానమే. దాడిని ఈ వాదం సమర్థించదు. అయితే దానిని కేవలం క్రమశిక్షణ సమస్యగా తేల్చివేయడాన్ని కూడా అంగీకరించదు. అదే ఏడాది ఈ సంఘటన నేపథ్యంలో రవీంద్రనాథ్ ఠాగూర్ 'ఛాత్రశాసనతంత్ర' అనే బెంగాలీ వ్యాసం రాశాడు. విద్యార్థి శాసనం ఒక 'తంత్రం', అనగా ఒక వ్యవస్థ అన్న స్పృహ ఆ శీర్షికలోనే ఉంది.

తెలుగు నేలకు సంబంధించిన ఉదాహరణ 1938 నాటిది. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతి గృహాలలో వందేమాతర గీతాలాపనను నిషేధించినప్పుడు విద్యార్థులు సమ్మెకు దిగారు. పెద్ద సంఖ్యలో బహిష్కరణకు గురై, చాలామంది నాగపూర్ విశ్వవిద్యాలయంలో చేరి చదువు కొనసాగించారు. వారిలో పి.వి.నరసింహారావు ఒకరు. ప్రెసిడెన్సీలో ఒక ఉపన్యాసకుడి ప్రవర్తన, ఉస్మానియాలో ఒక నిషేధపుటుత్తర్వు వివాదానికి మూలం. కారణాలు వేరైనా ముగింపు ఒకటే: సమ్మె, బహిష్కరణ, మరో సంస్థలో ఆశ్రయం.

రెండు కమిషన్లు: సంఘాన్ని ఎలా నిర్మించాలి?

స్వాతంత్ర్యానంతరం ఈ ప్రశ్న విద్యా కమిషన్ల ముందుకు వచ్చింది. 1931–36 మధ్య ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షత వహించిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ (1948–49) విద్యార్థుల సంక్షేమాన్ని ప్రత్యేకంగా చర్చించింది. విద్యార్థి సంఘాలు వీలైనంత వరకు రాజకీయ కార్యకలాపాలకు దూరంగా ఉండాలని సూచించింది. సంఘం ఏం చేయకూడదన్న దానిపై ఇక్కడ దృష్టి నిలిచింది.

కొఠారీ కమిషన్ (1964–66) ఒక అడుగు ముందుకు వేసి నిర్మాణాన్ని చర్చించింది. దాని సూచనల్లో మూడు ముఖ్యమైనవి. మొదటిది, ప్రతి విద్యార్థికీ సంఘ సభ్యత్వం దానంతటదే రావాలి. రెండవది, కార్యవర్గాన్ని విశ్వవిద్యాలయంలోని వివిధ విద్యార్థి సమాజాలు పరోక్షంగా ఎన్నుకోవాలి. ఒకే తరగతిలో రెండేళ్లు లేదా అంతకు మించి గడిపినవారు అనర్హులు. మూడవది, అధ్యాపకులూ విద్యార్థులూ కలిసిన సంయుక్త సంఘాలు ఏర్పడాలి. శాఖలోని సాహిత్య సమాజం, వక్తృత్వ సమాజం వంటి చిన్న వేదికలే పెద్ద సంఘానికి పునాది కావాలన్న ఆలోచన రెండవ సూచనలో ఉంది. పరిచయం ఉన్నవారు పరిచయం ఉన్నవారిని ఎన్నుకుంటారు, పని చూసి ఓటు వేస్తారు అన్నది దానికి ఆధారం. సంయుక్త సంఘాల సూచన 1916లో లేని మెట్లను కట్టే ప్రయత్నంగా గుర్తించదగినది.

ఎన్నికల విరామం

1980ల చివర ఆంధ్రప్రదేశ్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో, కళాశాలలలో విద్యార్థి సంఘాల ఎన్నికలు నిలిచిపోయాయి. ప్రాంగణాలలో చెలరేగిన హింస అందుకు చూపిన కారణం. సరిగ్గా ఆ కాలంలోనే 61వ రాజ్యాంగ సవరణ ఓటు హక్కు వయసును 21 నుంచి 18 ఏళ్లకు తగ్గించింది. అది 1989 మార్చి 28న అమలులోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ల విద్యార్థి శాసనసభ్యుడిని ఎన్నుకోవడానికి అర్హుడయ్యాడు. తన తరగతికి, తన కళాశాలకు ప్రతినిధిని ఎన్నుకునే అవకాశం మాత్రం అతనికి లేకపోయింది. ఈ వైరుధ్యం మన ప్రాంత విద్యా చరిత్రలో తగినంత చర్చకు నోచుకోలేదు. 1974లో కేంద్ర చట్టంతో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మాత్రం విద్యార్థి సంఘ ఎన్నికల సంప్రదాయం కొనసాగింది. ఒకే నగరంలో రెండు రకాల విద్యార్థి పౌరసత్వాలు పక్కపక్కనే నడిచాయి.

లింగ్డో సంఘం: ఎన్నికకు నియమావళి

విద్యార్థి ఎన్నికల విధానంపై కేరళలో తలెత్తిన వివాదం సుప్రీంకోర్టుకు చేరడంతో, న్యాయస్థానం 2005 డిసెంబరులో ఇచ్చిన ఆదేశం మేరకు మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం.లింగ్డో అధ్యక్షతన సంఘం ఏర్పడింది. దాని సిఫార్సులను అమలు చేయాలని 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఈ నివేదిక మూలసూత్రం స్పష్టం. విశ్వవిద్యాలయాలు, కళాశాలలు సాధారణంగా ఎన్నికలు జరపాలి. వాతావరణం అనుకూలించని చోట తాత్కాలికంగా నియామక పద్ధతి పాటించవచ్చు. ఆ నియామకం కేవలం చదువులో ప్రతిభ ఆధారంగా ఉండడం మంచిది కాదు. అయిదేళ్ల వ్యవధిలో అన్ని సంస్థలూ ఎన్నికల పద్ధతికి మారాలి. చిన్న ప్రాంగణాలలో ప్రత్యక్ష ఎన్నిక అనుకూలమని చెబుతూ జవహర్‌లాల్ నెహ్రూ, హైదరాబాద్ విశ్వవిద్యాలయాలను ఉదాహరించింది. విస్తారమైన విశ్వవిద్యాలయాలకు తరగతి ప్రతినిధులు పై స్థాయి కార్యవర్గాన్ని ఎన్నుకునే పరోక్ష పద్ధతిని సూచించింది.

అభ్యర్థులకు నిర్దిష్టమైన అర్హతలు ఏర్పడ్డాయి. డిగ్రీ విద్యార్థులకు 17 నుంచి 22 ఏళ్లు, స్నాతకోత్తర విద్యార్థులకు గరిష్ఠంగా 24–25, పరిశోధకులకు 28 ఏళ్ల వయోపరిమితి. 75 శాతం హాజరు ఉండాలి. ఎన్నికల వ్యయం 5,000 రూపాయలు మించరాదు. నామినేషన్ల నుంచి ఫలితాల వరకు మొత్తం ప్రక్రియ 10 రోజుల్లో ముగియాలి. ఎన్నికల ఫిర్యాదుల కోసం విద్యార్థి సంక్షేమ డీన్ అధ్యక్షతన ఒక విభాగం ఉండాలి. ఈ నియమాల పాటింపు విషయంలోనే 2008లో సుప్రీంకోర్టు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఎన్నికలపై స్టే ఇవ్వగా, అవి మళ్లీ 2012 మార్చిలో గాని జరగలేదు.

నివేదిక బలమూ పరిమితీ ఒకచోటే ఉన్నాయి. ప్రతినిధి ఎలా ఎన్నిక కావాలన్న విషయాన్ని ఇంత వివరంగా నిర్దేశించిన పత్రం అంతకు ముందు లేదు. అయితే ఎన్నికైన మర్నాటి నుంచి అతడు చెప్పే మాటకు ఏ విలువ ఉంటుంది, ఆ మాటకు ఎవరు ఎంత గడువులో సమాధానం ఇవ్వాలి అన్న ప్రశ్నలకు అలాంటి వివరమైన నియమావళి రూపొందలేదు. ఫిర్యాదుల విభాగం చూసేది ప్రధానంగా ఎన్నికల ఉల్లంఘనలను.

2009 చట్టం: సమాన భాగాల మండలి

కేంద్ర విశ్వవిద్యాలయాల చట్టం (2009) అనుబంధంలోని నిబంధనలు విద్యార్థి మండలికి ఒక రూపం ఇచ్చాయి. విద్యార్థి సంక్షేమ డీన్ దానికి అధ్యక్షుడు. చదువు, క్రీడలు, పాఠ్యేతర కార్యక్రమాలలో ప్రతిభ ఆధారంగా విద్యా మండలి నియమించే 20 మంది, విద్యార్థులు ఎన్నుకునే 20 మంది సభ్యులు. అధ్యక్షుడి అనుమతితో ఏ విద్యార్థి అయినా విశ్వవిద్యాలయానికి సంబంధించిన అంశాన్ని మండలి ముందుకు తేవచ్చు, చర్చలో పాల్గొనవచ్చు. పాఠ్య కార్యక్రమాలు, విద్యార్థి సంక్షేమం మొదలైన విషయాలపై సూచనలు చేయడం మండలి పని. ఆ సూచనలు ఏకాభిప్రాయంతో ఉండాలి. అనంతపురం, విజయనగరం, ములుగులలో ఏర్పడిన కొత్త కేంద్ర విశ్వవిద్యాలయాలు ఈ చట్ట పరిధిలోనివే కనుక, ఈ నిబంధన తెలుగు రాష్ట్రాలకు పరాయిది కాదు.

ఈ నిర్మాణంలో నియామకమూ ఎన్నికా సమతూకంలో ఉన్నాయి. కాని ఏకాభిప్రాయ నియమాన్ని నిశితంగా చూడాలి. సగం మంది నియమితులు, సగం మంది ఎన్నికైనవారు ఉన్న సభలో, అధ్యక్షుడు పాలనాధికారిగా ఉన్నప్పుడు, వివాదాస్పదమైన ఏ అంశమూ సులభంగా ఏకాభిప్రాయానికి రాదు. ఏ అంశంపై ఫిర్యాదు ఎక్కువగా ఉంటుందో, అదే సూచనగా పైకి వెళ్లడం కష్టం. భిన్నాభిప్రాయాన్ని నమోదు చేసి పంపే ఏర్పాటు ఉంటే ఈ లోపం చాలావరకు తీరుతుంది.

శాఖ స్థాయికి అన్వయం

పై పరిశీలనను శాఖకు అన్వయిస్తే కొన్ని విషయాలు తేటపడతాయి. విద్యార్థి సమస్యల్లో అధిక భాగం శాఖలోనే పుడతాయి: పాఠ్యప్రణాళిక, తరగతుల వేళలు, గ్రంథాల లభ్యత, అంతర్గత మూల్యాంకనం, పరిశోధకుడికీ పర్యవేక్షకుడికీ మధ్య సంబంధం. వీటిని విశ్వవిద్యాలయ స్థాయి సంఘం పట్టించుకునే సరికి అవి ముదిరి ఉంటాయి. కనుక స్నాతకోత్తర తరగతులకూ పరిశోధకులకూ వేర్వేరు ప్రతినిధులుండి, శాఖాధ్యక్షుడితో నియమిత కాలవ్యవధిలో సమావేశమయ్యే చిన్న మండలి కొఠారీ కమిషన్ చెప్పిన సంయుక్త సంఘానికి సహజమైన రూపం. పరిశోధకుడి స్థానం ఇక్కడ ప్రత్యేకమైనది. అతని భవిష్యత్తు ఒక్క అధ్యాపకుడి సంతకంపై ఆధారపడి ఉంటుంది. అతడు తన పేరుతో ఫిర్యాదు చేయలేడు. ప్రతినిధి ద్వారా చేయగలగాలి.

అలాంటి మండలికి మూడు హంగులు అవసరమని చరిత్ర సూచిస్తున్నది. ఒకటి, ప్రతినిధి సహవిద్యార్థుల ఎన్నిక ద్వారా రావడం. రెండు, లేవనెత్తిన ప్రతి అంశమూ నమోదై, గడువులోగా లిఖితపూర్వక సమాధానం పొందడం, శాఖ పరిధి దాటిన అంశం తగిన అధికారికి చేరడం. మూడు, ప్రతినిధిగా మాట్లాడిన మాటకు వ్యక్తిగా శిక్ష పడకపోవడం. మొదటి హంగుపై రెండు కమిషన్లు, ఒక సంఘం, ఒక న్యాయస్థానం శ్రద్ధ పెట్టాయి. మిగిలిన రెండూ ఇప్పటికీ శాఖాధ్యక్షుల సౌజన్యంపై ఆధారపడి ఉన్నాయి.

ముగింపు

1916 నుంచి 2009 వరకు సాగిన చర్చలో కేంద్రస్థానం పొందినది ప్రతినిధిని ఎవరు, ఎలా ఎంపిక చేయాలన్న ప్రశ్న. ప్రతినిధి మాటకు సమాధానం చెప్పవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న పక్కన నిలిచిపోయింది. ప్రెసిడెన్సీ కళాశాలలో లోపించినది ఎన్నిక కాదు, సమాధానం. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఎన్నికల పునరుద్ధరణ గురించి జరిగే చర్చ ఈ రెండవ ప్రశ్నను విడిచిపెడితే, మళ్లీ గొంతు మాత్రమే సిద్ధమవుతుంది. ఇందుకు చట్ట సవరణ కోసం వేచి ఉండనవసరం లేదు. సమావేశపు తేదీని ముందుగా ప్రకటించడం, చర్చను నమోదు చేయడం, గత సమావేశపు అంశాలకు సమాధానంతో తరువాతి సమావేశాన్ని ప్రారంభించడం ఏ శాఖకైనా సాధ్యమైన పనులే. శాఖల చరిత్ర రాసే పరిశోధకులకు రేపు ఆ సమావేశ పత్రాలే తొలి ఆధారాలవుతాయి.