రాయచూరు గూడ్స్ యార్డులో మన ఒక్క డబ్బా

రాయచూరు మీదుగా రైల్లో వెళ్ళే మనవాళ్ళు చాలామంది స్టేషన్లో టీ తాగి, మంత్రాలయం ఇంకెంత దూరమో కనుక్కుని, ముందుకి సాగిపోతారు. ఈ స్టేషన్‌కి ఒక పెద్ద కథ ఉంది. 1871లో రెండు రైలు కంపెనీలు రెండు దిక్కుల నుంచి వచ్చి కలిసింది ఇక్కడే. ఈసారి మన బ్లాగులో ఆ కథ, దాంతోపాటు మా ఇంట్లో బల్ల మీద నడిచే చిన్న గూడ్స్ యార్డు కథ రాస్తున్నాం. రెండూ ఒకటే కథ అని చివరికి మీకే తెలుస్తుంది.

బొంబాయి వైపు నుంచి వచ్చింది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే. జనం జీ.ఐ.పీ. అనేవాళ్ళు. 1853 ఏప్రిల్ 16న బోరీ బందర్ నుంచి ఠాణేకి మొదటి రైలు నడిపింది ఈ కంపెనీయే. పుణె, షోలాపూర్, గుల్బర్గా, వాడి దాటి, కృష్ణ మీద వంతెన కట్టుకుని రాయచూరు చేరింది. మద్రాసు వైపు నుంచి వచ్చింది మద్రాస్ రైల్వే. 1856లో రాయపురంలో మొదలై, తర్వాత అరక్కోణం, రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా లైను వేసుకుంటూ, తుంగభద్ర దాటి ఇక్కడికి వచ్చింది. రెండు నదుల మధ్యన ఉన్న దోఆబ్ నేలలో, అప్పటి నిజాం రాజ్యంలో, బొంబాయి మద్రాసు పట్టాలు ఒకటయ్యాయి.

రెండు కంపెనీలవీ 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్ పట్టాలే. అందుకని రాయచూర్లో సరుకు దింపి మళ్ళీ ఎక్కించే పని లేదు. గుంతకల్లు సంగతి అట్లా కాదు. హుబ్బళ్ళి నుంచి, బెజవాడ నుంచి మీటర్‌గేజ్ లైన్లు వచ్చి అక్కడ కలిశాయి. ఒక గేజ్ నుంచి ఇంకో గేజ్‌కి పోవాల్సిన బస్తా ఏదైనా హమాలీ భుజం ఎక్కి దిగాల్సిందే. రాయచూర్లో బస్తా కదలదు, డబ్బా కదులుతుంది. ఒక కంపెనీ డబ్బా రెండో కంపెనీ పట్టాల మీదికి పోతే దానికి లెక్క కావాలి. ఎవరి డబ్బా, ఏ నంబరు, ఏ రోజు పోయింది, ఎక్కడైనా దెబ్బ తగిలిందా అని ఒక మనిషి పట్టాల వెంట నడుస్తూ పుస్తకంలో రాసుకునేవాడు. ఆ ఉద్యోగం పేరే నంబర్ టేకర్.

కంపెనీల పేర్లు మారుతూ వచ్చాయి. 1908లో మద్రాస్ రైల్వే ఎం.ఎస్.ఎం.లో కలిసింది. 1951లో ఒక పక్క సదరన్ రైల్వే, ఇంకో పక్క సెంట్రల్ రైల్వే వచ్చాయి. 1966లో సౌత్ సెంట్రల్ పుట్టింది, 1977లో గుంతకల్లు డివిజన్ అందులోకి వచ్చింది. ఊరు కూడా నిజాం చేతి నుంచి హైదరాబాద్ రాష్ట్రానికి, 1956లో మైసూరు రాష్ట్రానికి మారింది. బోర్డులు ఎన్నిసార్లు మారినా యార్డులో పని మాత్రం అదే. వచ్చిన బండిని విడగొట్టాలి, డబ్బాలు ఏరాలి, వాడి వైపువి ఒక లైన్లో, గుంతకల్లు వైపువి ఇంకో లైన్లో, ఊళ్ళో సరుకు గూడ్స్ షెడ్డు దగ్గర పెట్టాలి.

ఇక మనవాళ్ళ సంగతి. 1953లో తుంగభద్ర డ్యామ్ నీళ్ళు వదిలాక, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళు సింధనూరు, మాన్వి, గంగావతి వైపు వచ్చి భూములు కొన్నారు. గుడిసెలు వేసుకున్న చోట్లకి క్యాంపులని పేరు పడింది. మా తాతయ్యవాళ్ళు అట్లా వచ్చినవాళ్ళే. నల్లరేగడిలో జొన్న, పత్తి, శేంగా పండే చోట కాలవ కింద వరి వేశారు. వరి వచ్చాక మిల్లులు వచ్చాయి. కానీ సింధనూర్లో రైలు లేదు. బియ్యం, తవుడు, చెక్క అన్నీ ఎనభై తొంభై కిలోమీటర్లు లారీలో రాయచూరు తెచ్చి, రాజేంద్ర గంజ్‌లో అడ్తి దుకాణం ద్వారా అమ్మడమో, గూడ్స్ షెడ్డులో రైలుకి ఎక్కించడమో చెయ్యాలి.

ఆ రోజుల్లో చిన్న మిల్లువాడు కూడా ఒక్కటంటే ఒక్క డబ్బా బుక్ చేసుకోవచ్చు. నాలుగు చక్రాల మూత డబ్బాలో ఇరవై టన్నులకి పైనే పట్టేది. ముందు ఇండెంటు రాసి, రిజిస్ట్రేషన్ డబ్బు కట్టాలి. బియ్యం రాష్ట్రం దాటాలంటే పర్మిట్టు కూడా కావాలి. తర్వాత వరస కోసం కాచుకోవాలి. ఖాళీ డబ్బా ఇచ్చారని కబురు రాగానే హమాలీలని కూడేసుకుని పరిగెత్తాలి. ఎందుకంటే ఇచ్చిన గంటల్లో నింపకపోతే డెమరేజి పడుతుంది, సరుకు ప్లాట్‌ఫారం మీద ఉండిపోతే వార్ఫేజి పడుతుంది. నింపాక తలుపులకి సీలు, పక్కల లేబులు, చేతికి రైల్వే రశీదు. మా ఇంట్లో ఆ రశీదుని బిల్టీ అనేవాళ్ళు. దాన్ని బ్యాంకులో పెడితే, అవతల కొన్నవాడు డబ్బు కట్టి బిల్టీ తీసుకుని సరుకు విడిపించుకునేవాడు. ముఖం తెలియని ఇద్దరి మధ్య నమ్మకం అంటే ఆ ఒక్క కాగితమే.

ఈ పని ఎట్లా జరిగేదో పిల్లలకి చెప్పాలంటే మాటలు చాల్లేదు. అందుకే బల్ల మీద కట్టాం. పుణెలో జోషీ మినియేచర్ రైల్వేల మ్యూజియం చాలామంది చూసే ఉంటారు. అక్కడ రైళ్ళు తిరుగుతుంటే కన్నార్పకుండా చూస్తాం. మేము చేసేది ఇంకో రకం. ఇందులో రైలు గుండ్రంగా తిరగదు, పని చేస్తుంది. అమెరికాలో ఫ్రాంక్ ఎలిసన్ అనే ఆయన 1940లలోనే తన డెల్టా లైన్స్ బొమ్మ రైల్వేని ఒక నాటకంలా నడిపాడు. పట్టాలు రంగస్థలం, బండ్లు పాత్రధారులు, టైంటేబుల్ కథ. 1961లో డగ్ స్మిత్ ప్రతి డబ్బాకీ ఒక కార్డు, కార్డు జేబులో ఒక చీటీ పెట్టే పద్ధతి రాశాడు. చీటీని నాలుగు వైపులా తిప్పొచ్చు. ఒక్కో వైపు ఒక్కో ప్రయాణం.

మా చీటీల మీద ఇట్లా ఉంటుంది. మొదటి వైపు: ఖాళీ, రాయచూరు గూడ్స్ షెడ్డుకి. రెండో వైపు: పత్తి బేళ్ళు, బొంబాయి వాడి బందర్‌కి. మూడో వైపు: ఖాళీ, వెనక్కి. నాలుగో వైపు: నూనె చెక్క, మద్రాసు సాల్ట్ కొటార్స్‌కి. అన్నీ తెలుగులో రాశాం. మేము కన్నడ మీడియంలో చదువుకున్నాం, మా పిల్లలు ఇంగ్లీషు మీడియం. 'చెక్క', 'తవుడు', 'గోనె' లాంటి మాటలు పిల్లలు ఈ చీటీల మీదనే మొదట చదివారు.

పెద్ద యార్డు కట్టే చోటు మా ఇంట్లో లేదు. బ్రిటన్‌లో అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ అనే మూడు లైన్ల అమరిక తీసుకున్నాం. ఒక లైన్లో ఐదు డబ్బాలు పడతాయి, మిగతా రెండింటిలో మూడేసి. ముందున్న పట్టా మీద ఇంజను, మూడు డబ్బాలు మాత్రమే నిలుస్తాయి. మొత్తం డబ్బాలు ఎనిమిది. కార్డులు కలిపి ఐదు తీస్తాం. వచ్చిన వరసలోనే ఐదు డబ్బాల బండి తయారు చెయ్యాలి. ఎన్ని రకాల బండ్లు రావచ్చో లెక్క వేస్తే 6,720. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మాకు ఈ అంకె చూడగానే నవ్వొచ్చింది. ఎనిమిది డబ్బాలకే ఇన్ని టెస్ట్ కేసులైతే, రోజూ వందల డబ్బాలు చూసే యార్డ్ మాస్టర్ బుర్రలో ఏం తిరిగేదో!

ఇంకో చిక్కు కొలతలది. బజార్లో దొరికే హెచ్.ఓ. బొమ్మలు అసలు దానిలో 87వ వంతు. వాటి పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అంటే విదేశాల 1435 మిల్లీమీటర్ల గేజ్‌కి సరిపోయేది. మన బ్రాడ్‌గేజ్‌కి 19 మిల్లీమీటర్లకి పైన కావాలి. పట్టా సన్నంగా కనిపించినా సర్దుకున్నాం. మాకు కావలసింది షంటింగ్.

మా వీధిలోనే ఉండే రిటైరైన పాయింట్స్‌మన్ ఒకాయన అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. మేము మామయ్యా అని పిలుస్తాం. పెట్రోలు ట్యాంకుకీ ఇంజనుకీ మధ్య అడ్డు డబ్బాలు పెట్టాలని, కొన్ని డబ్బాలని తోసి వదలకూడదని, నిలబెట్టిన డబ్బాకి చేతి బ్రేకు వెయ్యకుండా పక్కకి పోకూడదని ఆయనే చెప్పారు. ఒక్కో మాటా ఒక్కో నియమంగా ఆటలో చేర్చాం. అప్పుడు ఆట కష్టమైంది, నిజానికి దగ్గరైంది.

బల్ల మీద ఆడితే ఒకటి చేతికి తెలుస్తుంది. మా ఐదు డబ్బాల బండికి ఇంజను పదిహేను ఇరవై సార్లు ముందుకీ వెనక్కీ కదలాలి. అందులో ఒక్క కదలిక కూడా సరుకుని గమ్యానికి దగ్గర చెయ్యదు. అసలు రైల్వేలో ఒక డబ్బా ఇట్లాంటి యార్డులు దారిలో ఎన్నో దాటాలి. 1980-81లో దేశంలో ఒక బ్రాడ్‌గేజ్ డబ్బా ఒక లోడు నుంచి ఇంకో లోడుకి రావడానికి సగటున 15 రోజులు పట్టేది. అందులో చక్రం తిరిగిన సమయం ఎంత, యార్డులో నిలబడిన సమయం ఎంత అన్నది మా బల్ల చూసిన ఎవరైనా ఊహించగలరు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే రైల్వే దారి మార్చింది. రైల్వే బోర్డు ఛైర్మన్‌గా ఎం.ఎస్. గుజ్రాల్ ఉన్న కాలంలో డబ్బాలని ఏరడం తగ్గించి, బండి మొత్తం ఒకే చోట నింపి ఒకే చోట దింపే రేకు పద్ధతిని గట్టిగా పట్టుకున్నారు. 1980-81లో దాదాపు 19.6 కోట్ల టన్నులున్న సరుకు మరుసటి ఏడాదికే 22 కోట్లు దాటింది. 2000-01 నాటికి ఆ 15 రోజులు ఏడున్నరకి దిగాయి. లెక్క ప్రకారం చూస్తే మారడమే సరి. తప్పు పట్టడానికి మాకు ఏమీ కనపడదు.

రాయచూర్లో ఆ మార్పుకి గుర్తు శక్తినగర్. కృష్ణ ఒడ్డున థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ 1985లో మొదలైంది. బొగ్గు రేకులు నేరుగా అక్కడికి పోతాయి. బాక్స్-ఎన్ డబ్బా ఒక్కోటి 10.7 మీటర్లు, రేకులో 58 దాకా ఉంటాయి. మా కొలతలో కడితే డబ్బాలే 7 మీటర్లు, హాలు దాటి వీధి గుమ్మం బయటికి పోతుంది. అంత పొడవు బండిలో ఏరడానికి ఒక్క డబ్బా కూడా ఉండదు. ఆట అయిపోయినట్టే.

మన చిన్న మిల్లులకి కూడా అట్లాగే అయింది. ఒక రేకు అంటే వేల టన్నులు. అంత సరుకు ఒకేసారి పోగుచెయ్యగలిగేది పెద్ద సంస్థలే. ఇరవై టన్నులవాడికి లారీ మిగిలింది. లారీ ఇంటి గుమ్మానికే వస్తుంది, అది మంచిదే. కానీ దూరం పెరిగే కొద్దీ కిరాయి పెరుగుతుంది, ఆ కిరాయి బేరం చేసే బలం చిన్నవాడికి ఉండదు. దూరపు బజారు మనవాళ్ళకి దళారీ ద్వారానే కనిపించసాగింది. మా ఇంట్లో పెద్దవాళ్ళు 'బిల్టీ కాలం' అని ఎందుకు తలుచుకునేవాళ్ళో ఈ బల్ల కట్టాకే అర్థమైంది. తమ పేరు మీద ఒక డబ్బా, దాని మీద ఒక నంబరు, అది ఎక్కడుందో అడిగే హక్కు. వాళ్ళు తలుచుకున్నది దాన్ని.

2024లో సింధనూరుకి రైలు వచ్చింది. క్యాంపులవాళ్ళు స్టేషన్‌కి పోయి ఫోటోలు దిగారు, మేమూ దిగాం. వరి పండించిన ఊరికి పట్టా చేరేసరికి, ఒక్క డబ్బా బుక్ చేసే రోజులు పోయి నలభై ఏళ్ళు కావస్తోంది.

ఇది చదివే మీరు బళ్ళారిలో ఉన్నా, షోలాపూర్లో ఉన్నా, ఇంకా దూరాన ఉన్నా, ఒక పని చెయ్యండి. మీ ఇంటి పాత ట్రంకు పెట్టెల్లో రైల్వే రశీదులు, ఇండెంటు నకళ్ళు, డెమరేజి కట్టిన చీటీలు ఉంటే పారెయ్యకండి. వాటి మీద తేదీ, సరుకు, బరువు, డబ్బా నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నీ ఉంటాయి. మనవాళ్ళు ఏం పండించి ఎవరికి అమ్మారో చెప్పే చరిత్ర అది. ఒక ఫోటో తీసి మాకు పంపితే ఆ డబ్బాకి ఒక కార్డు రాస్తాం. వచ్చే ఆదివారం మా యార్డులో దాన్ని సరైన లైన్లో పెడతాం.