గట్లు తెగినా తేరుకోని కొల్లేరు

గుండుగొలను మీదుగా పోయే జాతీయ రహదారి దాటి దక్షిణానికి నడిస్తే నేలంతా కొల్లేటి పల్లమే. మన భీమడోలు మండలంలోని ఆగడాలలంక, చెట్టున్నపాడు ఆ నీటిని నమ్ముకున్న ఊళ్లు. ఈ ప్రాంతపు ఇటీవలి చరిత్ర ఎవరు చెప్పినా 2006కు ముందు, తర్వాత అని విడదీస్తారు. అది సగం నిజమే. ఆ ఏడు జరిగింది చేపల చెరువుల గట్ల కూల్చివేత. శుద్ధి అసలు మొదలే కాలేదన్నది నా వాదన.

ఈ చెరువులు దొంగతనంగా మొదలైనవి కావు. 1970ల్లో ప్రభుత్వమే పేద మత్స్యకారుల చేత సహకార సంఘాలు పెట్టించి తవ్వించింది. లీజులూ బినామీ పేర్లూ తర్వాత వచ్చాయి, వాటి వెంట బయటి పెట్టుబడి వచ్చింది. 1999లో ఐదో కాంటూరు (నేల ఎత్తును చూపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. గట్లు మాత్రం లేస్తూనే ఉన్నాయి. చివరికి 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆ గట్లు తెంచే ఆపరేషన్ కొల్లేరు జరిగింది. చేపల చెరువు గట్టంటే మేత లారీ నడిచేంత వెడల్పున సరస్సు అడుగు నుంచే తోడిపోసిన మట్టి. దానికి నాలుగు చోట్ల గండి కొడితే కాగితం మీద చెరువు పోయినట్టే. మిగతా గట్టు అక్కడే నిలబడి ఉంటుంది, తెగిన మట్టి పక్కనే పడి ఉంటుంది, ఒక రాత్రి పొక్లెయిన్ దిగితే గండి పూడిపోతుంది. చాలాచోట్ల అలాగే పూడాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు ఉప్పుటేరు దాకా అడ్డం లేకుండా పోవాలంటే ఆ మట్టిని సరస్సులోంచి ఎత్తిపోయాలి, ఉప్పుటేటి పూడిక తీయాలి. ఏళ్ల తరబడి చెరువుల్లో చల్లిన మేత, ఎరువు, మందులు, పట్టణాల మురుగు అడుగు బురదలో ఏ మేరకు మిగిలాయో కొలిచి ఊళ్లకు చెప్పాలి. మనకు చెప్పిన లెక్క ఎకరాలదే.

ఇక్కడ ఒక దూరపు ఉదాహరణ పనికొస్తుంది. అమెరికాలోని కొలరాడోలో రాకీ ఫ్లాట్స్ అనే కర్మాగారం 1950ల నుంచి 1989 దాకా అణుబాంబులకు ప్లుటోనియం భాగాలు తయారుచేసింది. 2005లో శుద్ధి పూర్తయిందన్నారు. చుట్టుపక్కల నేలను వన్యప్రాణి ఆశ్రయంగా మార్చి 2018లో జనానికి తెరిచారు. పై మూడడుగుల మట్టిలో గ్రాముకు 50 పికోక్యూరీల వరకు ప్లుటోనియం ఉండవచ్చని ముందే ఒప్పుకున్నారు. లోతున మిగిలినదాన్ని బొరియలు తవ్వే జంతువులు పైకి తేవా అని అక్కడివాళ్లు అడుగుతున్నారు, ముప్పు స్వల్పమని అధికారులు అంటున్నారు. ఎవరి మాట నిలిచినా వాదించుకోవడానికి ఒక అంకె ఉంది. మట్టి తీసి మళ్లీ కొలిపించవచ్చు. చేపల చెరువుకూ ప్లుటోనియానికీ పోలికేమిటని అడగవచ్చు. ప్రమాదంలో పోలిక లేదు, నిజమే. పని ముగిసిందని ఎవరు తేల్చాలి, దేన్ని కొలిచి తేల్చాలి అన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ బతుకుతెరువుది. శుద్ధి అంటే లంక గ్రామాల పొట్ట కొట్టడమేనని చాలామంది నమ్మకం. ఆ నమ్మకానికి కారణం ఉంది. గట్లు తెగినప్పుడు కూలీల పని పోయింది, సంఘ సభ్యుల వాటా పోయింది, జిరాయితీ పట్టాలున్న రైతులు పరిహారం కోసం ఎదురుచూస్తూ మిగిలారు. లీజుకు తీసుకున్న షావుకారు పెట్టుబడి మరోచోట పెట్టుకోగలడు, వీళ్లు ఎక్కడికి పోతారు? 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించడం వెనుక ఈ కోపమే ఉంది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపుకు ఒప్పుకోలేదు. కమిటీ మాటే సరైనదని నేననుకుంటాను. హద్దు జరిపినంత మాత్రాన వరద నీరు తన దారి మార్చుకోదు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు అందరికీ కొల్లేరు గుర్తొచ్చింది కదా. అయితే పరిహారాన్ని శుద్ధి ఖర్చులో కలపకుండా గట్లు తెంచితే అవి మళ్లీ లేస్తాయి.

2025లో సుప్రీంకోర్టు సాధికార కమిటీ కొల్లేరుకు వచ్చింది, హద్దుల మాట మళ్లీ కదిలింది. ఈసారి రాళ్లు పాతి ఊరుకోవద్దు. ఎంత గట్టు మట్టి ఎత్తారు, అడుగు బురదలో ఏం తేలింది, ఎవరికి ఎంత పరిహారం అందింది అన్న మూడు లెక్కలూ ఏటా ప్రతి కొల్లేటి ఊరి సచివాలయం బోర్డు మీద పెట్టాలని మన గ్రామసభలు తీర్మానం చేసి పంపాలి.