బిషప్ గారు తెచ్చిన గబ్బిలం

మొన్న ఆరు వారాల ఆన్‌సైటు ముగించుకుని ఇంటికొచ్చా. మా ఆరేళ్ళవాడు పరిగెత్తుకుంటూ ఎదురొచ్చాడు.. నా దగ్గరికి కాదు, సూట్‌కేసు దగ్గరికి! ఎయిర్‌పోర్టులో ఆఖరి నిముషంలో కొన్న బ్యాటరీ కారు రెండ్రోజులు తిరిగి మూలపడింది. వాడి తప్పేం లేదు లెండి. ఇంట్లో లేనందుకు జరిమానా కట్టినట్టు నేను ఇచ్చా, వసూలు చేసుకున్నట్టు వాడు తీసుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చాడు, ఇలాగే ఊళ్ళు తిరిగిన ఇంకో నాన్న. మిల్టన్ రైట్ అని, అమెరికాలో ఓ క్రైస్తవ శాఖకి బిషప్. దూరదూరాన ఉన్న చర్చీలు చూసుకోవడమే ఉద్యోగం కాబట్టి ఇంటిపట్టున ఉండేది తక్కువ. 1878లో ఓ సాయంత్రం చేతుల్లో ఏదో దాచుకుని ఇంటికొచ్చాడు. చిన్నకొడుకులు విల్బర్‌కి 11, ఆర్విల్‌కి 7 ఏళ్ళు. అదేంటో వాళ్ళు చూసేలోపే గాల్లోకి విసిరేసాడు. కిందపడాల్సింది కాస్తా పైకెగిరి, ఇంటికప్పుకి తగిలి, కాసేపు రెపరెపలాడి నేలకి దిగింది!

ఫ్రాన్సుకి చెందిన ఆల్ఫాన్స్ పెనో డిజైను చేసిన బొమ్మ అది. కార్కు, వెదురు, పల్చటి కాయితం, మెలితిప్పిన రబ్బరు బ్యాండు.. అంతే సరుకు. పిల్లలు దానికి గబ్బిలం అని పేరెట్టారు. అది ఎక్కువకాలం మన్నలేదు. అప్పుడు వాళ్ళే సొంతంగా తయారుచెయ్యడం మొదలెట్టారు. విచిత్రం ఏంటంటే, పెద్దది చేసేకొద్దీ సరిగ్గా ఎగరలేదు. కొలతలు రెట్టింపైతే ఎనిమిది రెట్ల శక్తి కావాలని అప్పటికి వాళ్ళకి తెలీదు. మన భాషలో చెప్పాలంటే స్కేలింగు సమస్య :)

బొమ్మ కొనిస్తే విమానం పుడుతుందని నేననడం లేదు. మధ్యలో వాళ్ళు ప్రెస్సు నడిపారు, సైకిళ్ళ కొట్టు పెట్టారు. 1903 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు. అయితే 1908లో తమ కథ తామే రాసుకున్నప్పుడు మాత్రం, ఈ ఆసక్తి చిన్నప్పటిదంటూ ఆ సాయంత్రం దగ్గర్నుంచే మొదలెట్టారు.

నాకు అర్థమైంది ఇదీ. ఆ బొమ్మలో దాచిందేమీ లేదు, ఎలా పనిచేస్తుందో కంటికి కనిపిస్తుంది. విరిగితే ఇంట్లో దొరికేవాటితో మళ్ళీ చేసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఆయన డబ్బా చేతిలో పెట్టి పక్కకెళ్ళిపోలేదు. తనే విసిరి చూపించాడు. నేనేమో ఆ కారిచ్చేసి లాప్‌టాప్ తెరిచా.

1910 మే 25న ఆర్విల్ తండ్రిని విమానం ఎక్కించాడు. అప్పటికాయనకి 81 ఏళ్ళు. గాల్లో ఉండగా, ఇంకా పైకి పోనీమని అడిగాట్ట!

వచ్చేనెల మళ్ళీ ప్రయాణం. వెదురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు ఇప్పుడే కొనిపెట్టా. అక్కణ్ణుంచి ఏం తేవాలో ఇంకా తేలలేదు గానీ, తిరిగొచ్చిన సాయంత్రం ఏం చెయ్యాలో మాత్రం తేలిపోయింది.