సిమ్నెలు రొట్టె

ఇంగ్లండులో వసంతాగమమున సిమ్నెలను తీపిరొట్టెను కాల్చుట పూర్వాచారము. మేలిమి గోధుమపిండియని యర్థముగల 'సిమిలా' యను లాటిను పదమే యీ పేరునకు మూలము. ఈస్టరునకు ముందు క్రైస్తవులు 40 దినములు లెంటు ఉపవాసదీక్ష వహింతురు. లెంటనుమాటయు వసంతమును దెల్పు ప్రాచీనాంగ్ల పదమునుండి పుట్టినదే. దీక్షలో నాలుగవ ఆదివారమునకు 'మదరింగు సండే', అనగా మాతృదర్శన దినమని పేరు. పరగృహములలో ఊడిగము చేయు బాలికలకు ఆనాడు యజమానులు సెలవొసగగా, వారు కానుకలతో తల్లులకడ కేగెడివారు. 1648లో రాబర్టు హెరిక్కు ప్రకటించిన కావ్యసంపుటమున, తల్లిని జూడనేగు యువతికి సిమ్నెలు నిచ్చుట ప్రస్తావింపబడినది.

నేటి సిమ్నెలులో ఎండుద్రాక్షలు, వెన్న, గ్రుడ్లు చేరును. నడుమను పైనను బాదముపిండి, పంచదార కలిపిన పొర యుండును. దానిపై నుంచు 11 బాదముండలు, ద్రోహియగు యూదాను విడిచి, తక్కిన క్రీస్తు శిష్యులకు గుర్తులందురు.

ఆ బాలికలకు రొట్టెకంటె సెలవే తీపి. ఏడాదికొక్కనాడు తల్లిమొగము చూడనిచ్చుట ఔదార్యమని పొగడబడెను; తక్కిన దినముల నెవ్వరు లెక్కించిరి? మేమీ చరిత్ర చదువునపుడు మన వంటయిల్లే జ్ఞప్తికి వచ్చును. ఉగాదినాడు మన బొబ్బట్లకు పప్పు రుబ్బు పనికత్తెకును బిడ్డలు గలరు. సాయంకాలము మిగిలినవి పొట్లము కట్టియిచ్చి తృప్తిపడుచున్నాము. ఉదయముననే, జీతము కోయక, ఆమె నింటికి పంపుడు. ఆనాటి పప్పు మనమే రుబ్బుకొందము.