నిప్పు లేని కుంపటి



శీతకాలమున మోటారుసైకిలుపై బోవువాడు చలినుండి తన్ను దాను కాపాడుకొను విధమును గూర్చి, బడిలో వ్యాకరణము చెప్పుచు వృద్ధుడనైన నేను ప్రసంగించుట మీకు వింతగా దోచవచ్చును. కాని యీ విషయమును నాకు నేర్పినవి గ్రంథములు గావు, నా చేతివ్రేళ్లు.

1989వ సంవత్సరము డిసెంబరు మాసమున నొకనాడు తెల్లవారకమునుపే చింతపల్లి నుండి నర్సీపట్నమునకు మిత్రుని మోటారుసైకిలుపై బయలుదేరితిని. ఒంటిపై నూలుచొక్కా, మెడకొక కండువా, అంతియే. లంబసింగి చేరువ నగుసరికి మంచు దట్టముగా గ్రమ్మియుండెను. మలుపున నొక ఆవులమంద యడ్డము వచ్చినది. బ్రేకు పట్టవలెనని మనస్సు చెప్పినది, వ్రేళ్లు వినలేదు. అవి నావి గానట్లు కొయ్యబారియుండెను. కాలిబ్రేకు నన్ను రక్షించినది. దారిప్రక్క టీదుకాణమున నున్న ముసలివాడు నా వణకు చూచి పాత వార్తాపత్రిక నొకదానిని చేతికిచ్చి, "మాస్టారూ, ఇది చొక్కా లోపల దోపుకోండి, గాలి ఆగుతుంది" అనెను. అట్లే చేసితిని. క్రిందివరకు సుఖముగా దిగితిని. 1914 – 18 సంవత్సరముల మహాయుద్ధమున ఫ్రాన్సుదేశపు బాటలపై సైనికవార్తలు మోసిన మోటారుసైకిలు సవారులును వార్తాపత్రికలనే యురమునకు గవచముగా ధరించిరని తరువాత జదివి యాశ్చర్యపడితిని.

గాలి కింత బల మేల? మన దేహముచుట్టును పలుచని వెచ్చని గాలిపొర యుండును. వేగము దానిని దోచుకొనిపోవును. అమెరికా దేశీయులగు పాల్ సైపిల్, చార్లెస్ పాసెల్ అనువారు 1940వ దశకారంభమున దక్షిణధ్రువఖండమున గాలిలో నీరు గడ్డకట్టు వేగమును గొలిచి యీ నష్టమును లెక్కకట్టిరి. 2001లో నుత్తరామెరికా యందు సవరింపబడిన సూత్రము ననుసరించి, సున్న డిగ్రీల చలిలో గంటకు 80 కిలోమీటర్ల గాలి తాకినచో, బయటబడిన చర్మమునకు అది సుమారు మైనస్ 10 డిగ్రీల చలివలె దోచును.

ఇక నొక ముఖ్యభేదమును గ్రహింపవలెను. కంబళి వేడి నీయదు. ఉన్న వేడిని పోనీయదు, అంతియే. దేహము పుట్టించు వేడి చాలనప్పుడు ఎన్ని కంబళులు కప్పినను లోటు తీరదు. అప్పుడు వెలుపలి నుండి వేడి తేవలెను. కాశ్మీరదేశీయులు ఈ రహస్యము నేనాడో యెరిగిరి. విల్లోరెమ్మలతో నల్లిన బుట్టలో మట్టిపాత్ర నుంచి, అందు నిప్పులు పోసి, 'కాంగ్డీ' అని పేరిడి, తమ పొడవాటి ఫెరన్ అంగీ లోపల దానిని ధరింతురు. అది నడచు కుంపటి. కాని తరచు ఒకేచోట సోకు నా వేడిమివలన చర్మము కమలుటయు, కొందరికి నచటనే పుట్టకురుపు వచ్చుటయు వైద్యులు గమనించిరి.

నిప్పు లేకుండ వేడి నిచ్చు తెరువును విద్యుచ్ఛక్తి చూపినది. తీగలో బుట్టు వేడిమి ప్రవాహము యొక్క వర్గము ననుసరించి పెరుగునని 1841లో జేమ్స్ జౌల్ నిరూపించెను. మొదటి మహాయుద్ధము ముగియు నాటికే తెరచియున్న విమానములలో నెగురువారు తీగలు కుట్టిన విద్యుద్వస్త్రములను దొడిగిరి. రెండవ మహాయుద్ధమున అమెరికా బాంబరు విమానములలోని సైనికులు మైనస్ 40 డిగ్రీల చలిలో వీనినే నమ్ముకొనిరి. తొలినాటి దుస్తులలో తీగలన్నియు నొకే వరుసగా, శ్రేణిసంధానమున గలుపబడుటచే, ఒక్క చేతొడుగులో తీగ తెగినను దుస్తంతయు చల్లబడెడిది. పిమ్మట సమాంతరసంధాన మీ లోపమును దీర్చినది.

మోటారుసైకిలునకు ఈ భాగ్య మాలస్యముగా గలిగినది. పూర్వపు బ్రిటిషు బండ్ల లోని డైనమో ఆరు వోల్టులతో సుమారు 60 వాట్లు మాత్రమే యిచ్చెడిది. అందు సగభాగము ముందుదీపమునకే సరి. 1956లో జర్మనీయందు స్టుట్‌గార్టు చేరువ ఎర్న్‌స్ట్ లెవర్కుస్ అను రచయిత 'ఏనుగుల సమావేశము' అను శీతకాలపు జాతరను ప్రారంభించెను. 'పచ్చయేనుగు' అను ముద్దుపేరు గల త్సుండాప్ బండివలన దానికా పేరు వచ్చినది. నాటి సవారులకు తోలు, ఉన్ని, ధైర్యము – ఈ మూడే దిక్కు. పండ్రెండు వోల్టులును, బలమైన ఆల్టర్నేటరును వ్యాపించిన పిదప, 1970వ దశకము నుండి అమెరికాలో విద్యుద్వస్త్రములు బండ్లపై నమరసాగినవి. పండ్రెండు వోల్టులలో నారు ఆంపియరులు ప్రవహించినచో 72 వాట్లు. ఒక యంగీని వెచ్చగా నుంచుటకు అవి చాలును.

ఇందొక వింత గలదు. వ్రేళ్లు చల్లబడినచో మొండెమును వెచ్చజేయుట మేలు. దేహము చలికి వెరచి హృదయాదుల రక్షణకై చేతుల నుండి రక్తమును వెనుకకు దీసికొనును. మొండెము వెచ్చనైనచో నా రక్తము మరల వ్రేళ్లకు వచ్చును. 1990వ దశకమున కెనడాలో జరిగిన ప్రయోగములు దీనిని స్థిరపరచినవి. కాని హెచ్చరికయు గలదు: 44 డిగ్రీల వేడియైనను ఎడతెగక సుమారారు గంటలు చర్మమునంటి యున్నచో బొబ్బ లేచునని 1947లో అమెరికా వైద్యులు తేల్చిరి. కాంగ్డీ చెప్పిన పాఠమే ఇది. కనుకనే నేటి యంగీలకు వేడిని దగ్గించు మీటలు గలవు. చర్మమునకును తీగకును నడుమ నొక పలుచని వస్త్ర ముండుట మేలు.

మన సీమలో చలి కొలదినాళ్లదే. ఐనను వేకువనే పాలడబ్బాలతోడను, పత్రికలకట్టలతోడను బండ్లపై బోవువా రెందరో కలరు. వారికి విద్యుద్వస్త్రము లేకపోవచ్చును. పాతకాగితమును, చేతొడుగులును, వ్రేళ్లు మొద్దుబారగానే బండి నాపు వివేకమును ఉండవచ్చును గదా! చలిని సహించుట శౌర్యమని నా యౌవనమున నేనును దలచితిని. కొయ్యబారిన చేయి శౌర్యము నెరుగదు, బ్రేకు నెరుగదు. ఆనాడు నాకు కాగిత మొసగిన యా వృద్ధుని పేరైన నడుగనైతిని. ఈ ప్రసంగము ఆతనికి నా నమస్కారము.